ఒగోలా కోటు

శనివారం పొద్దున ఏడున్నరకి రేడియోలో ఒచోలా మేస్త్రి వస్తాడు. గోడ బీట వారితే ఏం చెయ్యాలి, తలుపు బిగుసుకుంటే ఎక్కడ చిత్రిక పట్టాలి, చెద వాసాన్ని లోపల్నించి తింటోందా బయట్నించి తింటోందా ఎలా కనిపెట్టాలి, అన్నీ ఓపిగ్గా చెబుతాడు. ఓపిక అయిపోతే తిడతాడు. ఆ అరగంటా సరస్సు ఒడ్డు ఊళ్ళలో సగం జనం టీ గ్లాసు పట్టుకుని రేడియో దగ్గరే ఉంటారు. సొంతిల్లు బాగు చేసుకుందామని కాదు, ఎవరిల్లు ఎక్కడ కారుతోందో తెలుసుకుందామని.

ఆ శనివారం ఫోను చేసింది రిస్పా. ముందురోజు రాత్రే వానలు మొదలయ్యాయి. ఇంట్లో ఉన్న గిన్నెలూ బేసిన్లూ అన్నీ నేలమీదే ఉన్నాయి. కూతురు అకుము బడి పుస్తకాలు పొయ్యికి పైన తాడు మీద వేలాడుతున్నాయి. తల్లీ కూతుళ్ళు మంచాన్ని రాత్రి నాలుగుసార్లు జరిపారు, అయిదోసారి జరపడానికి చోటు దొరకలేదు.

"మేస్త్రిగారూ, మా రేకుల కప్పు కారుతోంది."

"వానాకాలంలో కారక ఎండాకాలంలో కారుతుందా అమ్మా? ఎక్కడ కారుతోంది?"

"ప్రతి మేకు దగ్గరా."

"ప్రతి మేకు దగ్గరా? ఒక్కసారి బయటికెళ్ళి చూడు తల్లీ. మేకులు రేకు గట్టు మీద ఉన్నాయా, కాలవలో ఉన్నాయా?"

రిస్పా ఫోను చెవికి ఆనించుకునే వాకిట్లోకి వెళ్ళి తలెత్తి చూసింది. ఇన్నేళ్ళుగా ఆ కప్పు కిందే ఉంటోంది, ఎప్పుడూ ఆ కంటితో చూడలేదు. "కాలవలో," అంది.

"అన్నీనా?"

"అన్నీ."

"నీళ్ళు గట్టు మీద పారతాయా, కాలవలో పారతాయా?"

"కాలవలో."

"మరి పారే నీళ్ళ అడుగున చిల్లులు పెట్టిన ఆ మహానుభావుడెవరు? వాడి సుత్తితోనే వాడి వేళ్ళ మీద మూడు దెబ్బలు కొట్టు. నా పేరు చెప్పి కొట్టు!"

పడవల రేవు దగ్గర టీ కొట్లో జనం ఘొల్లుమన్నారు. అక్కడే బల్ల మీద కూర్చుని టీ ఊదుకుంటున్నాడు ఆ మహానుభావుడు. రిస్పాకి సొంత మరిది, పేరు ఒగోలా. అన్న బతికుండగా ఆ కప్పు వేసింది అతనేనని టీ పోసేవాడితో సహా అందరికీ తెలుసు. ఒగోలా గ్లాసు కింద పెట్టి, ఏమీ ఎరగనట్టు సరస్సు వైపు చూశాడు.

రేడియోలో మేస్త్రి మాత్రం పనిలోకి దిగాడు. "విను. మేకుల్ని సుత్తి వెనకవైపుతో పీకు. పీకేటప్పుడు కింద చెక్కముక్క పెట్టు, లేకపోతే రేకు సొట్టపోతుంది. వంకరపోయినవి పారెయ్యకు, రాయి మీద పెట్టి సరిచెయ్యి. పాత రబ్బరు చెప్పులు బిళ్ళలుగా కోసి ఒక్కో మేకుకీ ఒక్కో బిళ్ళ తొడుగు. గట్టు మీద పెట్టి కొట్టు. రబ్బరు కాస్త నొక్కుకునేదాకా చాలు. కాలవలో మిగిలిన పాత చిల్లులకి తారులో ముంచిన గుడ్డముక్క వెయ్యాలి. నూలుగుడ్డ పనికిరాదు, ఎండకి పగులుతుంది. మందపాటి ఉన్ని దొరికితే ఇరవయ్యేళ్ళు చూసుకోనక్కర్లేదు. ఇదంతా మీ ఆయనకి చెప్పు."

"ఆయన పోయి పదహారు నెలలైంది మేస్త్రిగారూ."

"అయ్యో. అయితే వడ్రంగిని పిలు."

"వానలకి ముందే ముగ్గుర్ని పిలిచాను. ముగ్గురూ రామన్నారు."

మేస్త్రిదీ ఈ ప్రాంతమే. ఎందుకు రామన్నారో ఆయనకి వేరే చెప్పనక్కర్లేదు.

"తల్లీ, సుత్తి పట్టింది ఆడదో మగాడో మేకుకి తెలీదు," అన్నాడు. "గట్టు మీద కొట్టు, అంతే."

ఆ ముగ్గురు వడ్రంగుల్లో మొదటివాడు నడుం నొప్పన్నాడు. రెండోవాడు నీళ్ళు నమిలాడు. మూడోవాడు ధైర్యవంతుడు, సామాను సంచీతో సహా జెముడు కంచె దాకా వచ్చాడు. అక్కడ ఆగి, "ఇంట్లోకి మగాడు వచ్చాడా?" అని అడిగాడు. రాలేదని రిస్పా చెప్పగానే వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. భర్త అన్నదమ్ముల్లో ఎవరో ఒకరు చేరదీస్తేనే విధవరాలి ఇంటి కప్పు ముట్టుకోవాలి. ముందే ముట్టుకుంటే ముట్టుకున్నవాడు చిక్కి శల్యమైపోతాడని ఇక్కడ అందరికీ తెలుసు. అలా అయిపోయింది ఎవరో మాత్రం ఎవరికీ తెలీదు.

ఇంటి గోడలు మట్టివి. తూర్పు మూల అప్పుడే నాని ఉబ్బింది, వేలు పెడితే దిగుతోంది. వాన ఇంకో వారం ఇలాగే పడితే ఆ మూల కూలుతుంది. మూల కూలితే ఇల్లే కూలుతుంది. కొత్త ఇంటికి మొదటి స్తంభం మగాడే పాతాలి గనక, మళ్ళీ ఒగోలా గుమ్మం దగ్గరే నిలబడాలి. ఇల్లు లేని కోడలికి ఆ కంచెలోపల చోటు లేదు, కంచె అవతలి మొక్కజొన్న చేనూ ఉండదు. ఈ సంగతి రిస్పాకి ఎంత తెలుసో ఒగోలాకీ అంతే తెలుసు. ఇద్దరు పెళ్ళాల్ని పోషించలేక అవస్థ పడుతున్నవాడు మూడో గుమ్మం మీద ఎందుకు కన్నేశాడంటే, ఆ గుమ్మం ఎదురుగా చేనుంది. వానే తన పని చేసిపెడుతుందని కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

ఆదివారం చర్చి అయ్యాక ఒగోలా వచ్చాడు. వెంట కులపెద్ద రాదింగ్ కూడా ఉన్నాడు. ఒగోలా ఒంటి మీద ముదురు గోధుమరంగు ఉన్ని కోటు. ఏ చలిదేశపు మనిషి విడిచిందో, సంతలో కొన్న నాటినుంచీ ఎండలో కూడా దాన్ని విప్పడు. మెడ మీంచి చెమట ధారగా కారుతున్నా ఆరు బొత్తాలూ పెట్టుకునే తిరుగుతాడు.

"రేడియోలో నా పరువు తీశావు వదినా."

"నీ పేరు నేనెక్కడ చెప్పాను మరిదీ?"

"చెప్పాలా? ఈ ఊళ్ళో నేనెన్ని కప్పులు వేశాను?"

"రెండు. మాదీ, అత్తదీ. రెండూ కారుతున్నాయి."

పక్కింటి గుమ్మంలో పీట మీద కూర్చుని చిక్కుడు గింజల్లో రాళ్ళేరుతోంది అత్త తుర్ఫేనా. ఒగోలాని కన్నతల్లి. ఆమె తలెత్తలేదు కానీ చేట ఆగింది.

రాదింగ్ గొంతు సవరించుకున్నాడు. "ఇదిగో ఉయోమా పిల్లా," అని ఆమె పుట్టింటి ఊరు పెట్టి పిలిచాడు. కోడళ్ళనందర్నీ ఆయన అలాగే పిలుస్తాడు. "నువ్వు చర్చికి పోయేదానివి. పూర్వంలాగా మేమూ పట్టుబట్టం. మనిషి రానక్కర్లేదు, కోటు వస్తే చాలు. వీడి కోటు ఒక్క రాత్రి నీ ఇంట్లో మేకుకి వేలాడితే, మగాడు వచ్చినట్టే లెక్క. తెల్లారేసరికి వడ్రంగులు నిచ్చెన పట్టుకుని నీ వాకిట్లో ఉంటారు."

"కోటు తర్వాత ఏమొస్తుంది పెద్దాయనా?"

"ఇంకేమొస్తుంది?"

"నేను చెబుతాను. కోటు కోసం మనిషొస్తాడు. వచ్చినవాడు కూర్చుంటాడు. కూర్చున్నవాడికి సంకటి పెట్టాలి. తిన్నవాడు మూతి తుడుచుకుని, చేను ఎక్కడిదాకా ఉందీ అంటాడు." రిస్పా ఒగోలాని చూడకుండా రాదింగ్‌నే చూస్తూ మాట్లాడింది. "కారేది నా కప్పు పెద్దాయనా, నేను కాదు. నాకు కావల్సింది మేకులు. కోటు అక్కర్లేదు."

"ఎన్నాళ్ళు కూర్చుంటావో కూర్చో," అన్నాడు ఒగోలా నవ్వుతూ. "వాన నాకేం తొందర పెట్టడం లేదు."

రిస్పాకి ఒళ్ళు మండింది. ఆ మంటతోనే సోమవారం తెల్లవారకముందే లేచింది. అకుము సరస్సు ఒడ్డుకి పోయి అలలు ఒడ్డున పడేసిన రబ్బరు చెప్పులు గోనెడు ఏరుకొచ్చింది. "అన్నీ ఎడంకాలివే అమ్మా," అని నవ్వింది. రిస్పా బీరుసీసా మూతని చెప్పు మీద బోర్లించి, చుట్టూ కత్తితో కోసి బిళ్ళలు తీసింది. ఎరుపూ నీలం ఆకుపచ్చా బిళ్ళలు బేసిన్‌లో పోగయ్యాయి. చేపలు ఆరబెట్టే మంచె నిచ్చెన తెచ్చి గోడకి ఆనించి, లంగా మోకాళ్ళ పైకి ముడేసి కప్పెక్కింది.

"ఓసేయ్!" తుర్ఫేనా పీట మీంచి లేచింది. "దిగు! ఆడది కప్పెక్కిన ఇల్లు నిలుస్తుందటే?"

"ఎక్కకపోతే నిలుస్తుందా అత్తా?"

"ఊరంతా చూస్తున్నారు!"

"చూడనీ. రేడియోలో విన్నారు కదా, ఇప్పుడు చూస్తారు."

తుర్ఫేనా ఆ ఘోరం కంటపడకుండా పీట అటువైపు తిప్పుకుని కూర్చుంది. చెవులు మాత్రం తిప్పుకోలేకపోయింది.

మొదటి మేకు పీకడానికి రిస్పాకి చాలాసేపు పట్టింది. చెక్కముక్క జారింది, సుత్తి జారింది, మోచెయ్యి గీరుకుపోయింది. పదో మేకుకి చెయ్యి అలవాటు పడింది. మేకు వరస మీదే కాలు పెట్టాలి, కింద దూలం ఉండేది అక్కడే. రేకు మధ్యలో కాలు పడితే కప్పు మూలుగుతుంది. ఎండ ఎక్కేకొద్దీ రేకు కాలుతుంటే గోనెసంచి తడిపి మోకాళ్ళ కింద వేసుకుంది. మేకుకి రబ్బరు బిళ్ళ తొడగడం, గట్టు మీద నిలబెట్టడం, రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ. మధ్యాహ్నానికి ఆ లయ ఇంటి చుట్టుపక్కల అందరికీ తెలిసిపోయింది. కంచె బయట ఆడవాళ్ళు నీళ్ళ బిందెలతో ఆగి చూసి, ఏదో ఒకటి అని పోతున్నారు.

"ఆ దెబ్బ గుల్లగా మోగింది," అంది తుర్ఫేనా, అటు తిరిగే. "అక్కడ దూలం లేదు."

రిస్పా మేకు పీకి రెండు వేళ్ళు జరిపి కొట్టింది. ఈసారి గట్టిగా మోగింది.

సాయంత్రానికి మేకులన్నీ గట్టెక్కాయి. కానీ కాలవల్లో నలభై మూడు చిల్లులు మిగిలాయి, కిందనుంచి చూస్తే పట్టపగలే చుక్కలు కనిపిస్తున్నాయి. రోడ్డు వేసినవాళ్ళు వదిలేసిన తారు డబ్బా ఒకటి దొరికింది. మంగళవారం పొద్దున్నే దాన్ని బయట మూడు రాళ్ళ పొయ్యి మీద కరిగించి, తన పాత నూలుగుడ్డ ముక్కలు చేసి ముంచి, అయిదు చిల్లుల మీద వేసి చూసింది. మధ్యాహ్నపు ఎండకి అవి బీటలు వారాయి. వేలితో తడితే పెళ్ళలుగా ఊడొచ్చాయి. మేస్త్రి ముందే చెప్పాడు, వినకపోవడం తన తప్పే.

ఉన్ని కావాలి. ఈ ఉక్క సరస్సు ఒడ్డున ఉన్ని ఎవరి దగ్గరుంటుంది? ఇంట్లో ఒకే ఒక్క ఉన్ని దుప్పటి ఉంది, అది అకుము కప్పుకునేది. రిస్పా దాన్ని తీసింది, చేతిలో పట్టుకుని కాసేపు నిలబడింది, మళ్ళీ మడిచి పెట్టేసింది. సంతకి వెళ్ళి పాతబట్టల గుట్టలన్నీ తిరగేసింది. అన్నీ జల్లెడలా, పల్చటి రకాలే. పడమర సరస్సు మీద మబ్బు నల్లబడుతుంటే ఉత్తచేతుల్తో ఇంటికొచ్చింది.

తలుపు తీసి ఉంది. లోపల గోడకి, పెళ్ళినాటి ఫోటో తగిలించి ఉండే మేకుకి, ఒగోలా కోటు వేలాడుతోంది. ఫోటో నేలమీద, గోడకి ఆనించి ఉంది.

రిస్పా వెనక్కి తిరిగింది. గుమ్మం బయట తుర్ఫేనా నిలబడి ఉంది.

"వాడొచ్చి తగిలించి పోయాడు," అంది అత్త. "నేను వద్దనలేదు. కన్నకొడుకు."

"నేను వద్దన్నానుగా అత్తా. పెద్దాయన ముందరే అన్నాను."

"అన్నావు. ఇప్పుడు మాత్రం ముట్టుకోకు. తగిలించినవాడే తియ్యాలి. నువ్వు తీసి పారేస్తే చచ్చినవాడికి అవమానమంటారు, నిన్నూ పిల్లనీ కంచె దాటిస్తారు. వాడు దానికోసమే చూస్తున్నాడు."

రిస్పా కోటు దగ్గరికి వెళ్ళింది. చించి పోగులు పెడదామన్నంత కసితో అంచు పట్టుకుంది. పట్టుకున్న వేళ్ళు అక్కడే ఆగిపోయాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆ గుడ్డని మెల్లగా నలిపింది. ఇంకో చోట నలిపింది. భుజం దగ్గర, చేతి దగ్గర, వెనక వీపు దగ్గర.

"అత్తా," అంది. "ఎంత మందంగా ఉందో చూడు."

తుర్ఫేనాకి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక గుమ్మానికి చెయ్యి ఆనించి నిలబడింది. సరస్సు మీద ఉరిమింది. గాలికి పొయ్యి మీది తారు వాసన ఇంట్లోకి వచ్చింది.

"మీ మామ పోయాక నాకు కోటు రాలేదు," అంది తుర్ఫేనా. "మనిషే వచ్చాడు. పంతొమ్మిదేళ్ళు కూర్చుని తిన్నాడు. ఒక్క మేకు కొట్టలేదు."

రిస్పా అప్పటికే కత్తెర కోసం చూస్తోంది.

"బొత్తాలు ముందు కోసి పక్కన పెట్టు," అంది అత్త. "మంచి బొత్తాలు."

తర్వాత ఇద్దరూ మాట్లాడుకోలేదు, అంత వ్యవధి లేదు. అరచెయ్యంత ముక్కలు నలభై మూడు. లోపలి అస్తరు చింపి పారేసి, కుట్లు విప్పి, జేబుల్లో వేరుశెనగ పొట్టు దులిపి కత్తిరించారు. తుర్ఫేనా నిచ్చెన రెండు కాళ్ళ మీదా తన రెండు పాదాలూ వేసి తొక్కిపెట్టింది. రిస్పా తారులో ముంచిన ముక్కల్ని డబ్బామూతలో పట్టుకుని పైకెక్కి, కర్రతో చిల్లు మీద అదిమి, అంచుల మీదుగా ఇంకో పూత తారు పూసింది. ఉన్ని తారుని తాగి, రేకు వంపులోకి చక్కగా ఒదిగి కూర్చుంది. మణికట్టు మీద తారు చింది బొబ్బ లేచింది. చివరి ముక్క వేస్తుండగా మొదటి చినుకు ఆమె మెడ మీద పడింది. దిగుతూ దిగుతూ కాలుజారబోతే తుర్ఫేనా మడమ పట్టుకుని సరిగ్గా మెట్టు మీద పెట్టింది.

రాత్రంతా కుండపోత. తెల్లారినా తెరిపి ఇవ్వలేదు. ఆ వానలోనే గొడుగేసుకుని ఒగోలా వచ్చాడు. చొక్కా మీద ఉన్నాడు, ఆ వేషంలో అతన్ని చూసి ఊరివాళ్ళకి చాలాకాలమైంది. వెంట రాదింగ్. ఆ వెనక మూడో వడ్రంగి, సంచీతో. కంచె దగ్గర తలల మీద బేసిన్లు బోర్లించుకుని ఇంకొంతమంది.

"కోటు తీసుకుపోదామని వచ్చాను వదినా," అంటూ లోపలికొచ్చి ఒగోలా అడగకుండానే కూర్చున్నాడు. "సంకటి అయిందా?"

రిస్పా రాదింగ్ వైపు చూసింది. ఆదివారం ఆమె అన్న మాట ఆయనకి గుర్తొచ్చినట్టుంది, గడ్డం గోక్కున్నాడు.

అకుము నేలమీద బోర్లా పడుకుని లెక్కలు చేసుకుంటోంది. నేల పొడిగా ఉంది. గిన్నెలన్నీ కడిగి అరలో సర్ది ఉన్నాయి. ఒగోలా గోడకేసి చూశాడు. మేకుకి పెళ్ళి ఫోటో ఉంది.

"నా కోటేదీ?"

"పైనుంది మరిదీ."

అతను అటక కేసి చూశాడు.

"ఇంకా పైన."

రాదింగ్ వానలోకి నడిచి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కప్పు చూశాడు. మేకుల కింద ఎరుపూ నీలం బిళ్ళలు వరసగా ఉన్నాయి, వాటి పక్క కాలవల్లో నల్లటి అతుకులు, వాటి మీంచి నీళ్ళు ధారగా పారి చూరు దిగుతున్నాయి. ఒక్క చుక్క లోపలికి పోవడం లేదు.

"కాలరు ఇంటి కొప్పు దగ్గర వేసింది," అంది తుర్ఫేనా, తన గుమ్మంలోంచే. "చేతులు రెండూ పొయ్యికి పైవైపున్నాయి."

కంచె దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఒగోలా బయటికొచ్చి చూసి రంకె వేశాడు. "ఇది శాపం! చచ్చిపోయిన మా అన్నకి అవమానం! పెద్దాయనా, ఈమెని కంచె దాటించాలి!"

రాదింగ్ నవ్వలేదు. "చెప్పు ఉయోమా పిల్లా. తగిలించినవాడు తీయాల్సిన కోటుని నువ్వెందుకు తీశావు?"

ఇప్పుడు తప్పు మాట్లాడితే ఇల్లు పోతుందని రిస్పాకి తెలుసు.

"తియ్యలేదు పెద్దాయనా. అతను నా ఇంటికి తగిలించాడు. నా ఇంటికే ఉంది. జారిపోకుండా గట్టిగా తగిలించానంతే. ఒక్క రాత్రి చాలన్నారు మీరు, రాత్రంతా ఉంది. మనిషి రానక్కర్లేదన్నారు, రాలేదు. ఇక తగిలించినవాడే తియ్యాలంటే, తియ్యమనండి." చెయ్యి చాపి చూపించింది. "నిచ్చెన అదిగో."

ఒగోలా విసురుగా నిచ్చెన దగ్గరికి వెళ్ళి మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. పైకి చూశాడు. ఒక్కో అతుకూ పీకితే కింద బయటపడేది తను పెట్టిన చిల్లే. నలభై మూడుసార్లు, ఊరంతా చూస్తుండగా.

"ఎక్కరా అబ్బాయ్!" కంచె దగ్గరినించి ఒక ఆడగొంతు. "మేస్త్రి పేరు చెప్పి మూడు దెబ్బలు!"

ఒగోలా మెట్టు మీంచి కాలు తీశాడు. గొడుగు మర్చిపోయి, వానలో తడుస్తూ కంచె దాటి వెళ్ళిపోయాడు.

"ఒరేయ్, నీ బొత్తాలు!" అని తల్లి అరిచింది. అతను వెనక్కి తిరగలేదు.

మూడో వడ్రంగి సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "పెద్దాయనా, అయితే ఇప్పుడు ఈ ఇంట్లోకి మగాడు వచ్చినట్టా, రానట్టా?"

"కోటు వచ్చింది కదయ్యా!" రాదింగ్ విసుక్కున్నాడు. "వస్తే చాలని నేనే అన్నానుగా. వెళ్ళు, పని చూసుకో."

"పనేమైనా ఉందామ్మా?" అని వడ్రంగి రిస్పాని అడిగాడు.

"అయిపోయింది," అంది రిస్పా.

అందరూ వెళ్ళాక తుర్ఫేనా పీట తెచ్చుకుని రిస్పా చూరు కింద వేసుకుని కూర్చుంది. తన ఇంట్లో అప్పటికే బేసిన్లు నిండిపోయాయి. తలగుడ్డ కొంగు విప్పి ఆరు బొత్తాల్నీ అరచేతిలో దొర్లించింది.

"నా కప్పుకెన్ని చిల్లులున్నాయి?"

"ముప్పై ఆరు. నిన్న పైనుంచి లెక్కపెట్టాను."

"తారుందా?"

"ఉంది. ఉన్నే లేదు."

తుర్ఫేనా ఒక బొత్తాన్ని వేళ్ళ మధ్య తిప్పింది. "వాడికి ఇంకో కోటుంది," అంది. "నల్లది. పెట్టెలో దాచాడు, ఇక చర్చికి అదే వేసుకోవాలి. ఇంకా మందం."

రిస్పా అత్త మొహంలోకి చూసింది.

"ఆదివారం భోజనానికి పిలుస్తాను," అంది తుర్ఫేనా, బొత్తాలు మళ్ళీ కొంగున ముడేస్తూ. "కన్నతల్లి పిలిస్తే రానంటాడా? లోపల ఉక్కగా ఉందిరా నాయనా, కోటు విప్పి ఆ మేకుకి తగిలించు అంటాను."